కరకట్ట ఎత్తు పెంచాలా, కొండమీద నీటిని ఆపాలా? (వంశధార ముంపు)

ఏటిగట్టు (కాశీనగర్)
అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లా, కాశీనగర్ బ్లాకులో వంశధార ఒడ్డు ఊరు. కట్టకు లోపలివైపు, అంటే ఊరి వైపు, నాలుగెకరాల పల్లం ఉంది. వరి తప్ప ఇంకేమీ పండదు. మొన్న ఊళ్లో మీటింగు పెట్టారు. ఎక్కువమంది కరకట్టను ఇంకో మీటరు లేపమని అర్జీ పెడదామన్నారు. ఇద్దరు ముగ్గురు కుర్రాళ్లు మాత్రం ఆ డబ్బుతో కొండమీద కందకాలు, రాతికట్టలు వేయించి చెట్లు పెంచితే వరద అక్కడే తగ్గుతుందన్నారు. పెద్దవాళ్లు నవ్వేశారు. దిగువన ఆంధ్రలో గొట్టా బ్యారేజీ గేట్లన్నీ ఎత్తినా చాలనంత నీళ్లు వస్తుంటే రాళ్లు పేర్చి ఆపుతారా అని.

ఇది నిజంగా ఎక్కడైనా పనిచేసిందా? తెలిసినవాళ్లు చెప్పండి. చెట్లు నాటండి, ప్రకృతిని కాపాడండి లాంటివి వద్దు, దయచేసి.

పర్లాకిమిడి మాస్టారు
బాబూ, ముందు నీ ఊరి ముందు నుంచి పోయే నీళ్లు ఎక్కడివో చూడు. వంశధార కలహండి, రాయగడ జిల్లాల సరిహద్దు కొండల్లో పుడుతుంది. గుడారి, గుణుపురం, మీ కాశీనగర్ దాటి ఆంధ్రలోకి వెళ్లి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుంది. పొడవు సుమారు 254 కిలోమీటర్లు. ఈ నదికి నీళ్లిచ్చే పరీవాహక ప్రాంతం దాదాపు 10,800 చదరపు కిలోమీటర్లు. అందులో ఎక్కువ భాగం ఒడిశా కొండలే. అంటే మీ ఊళ్లో చినుకు పడకపోయినా మీకు వరద రావచ్చు.

కొండమీద ఆకులు రాలి కుళ్లిన నేల ఉంటే వాన ముందు అందులో ఇంకుతుంది. వేళ్ల సందుల్లోంచి నెమ్మదిగా కిందికి దిగి గెడ్డలోకి, అంటే కొండవాగులోకి, వస్తుంది. అదే నేల బోడిగా, గట్టిపడి ఉంటే వాన పడ్డది పడ్డట్టు జారిపోతుంది. రెండు చోట్లా కురిసింది ఒకే వాన కావచ్చు. మొదటిదాంట్లో గెడ్డ ఒకటిన్నర రోజు నిండుగా పారుతుంది. రెండోదాంట్లో మూడు గంటల్లో పొంగి, మర్నాటికి మోకాలి లోతు. ముంచేది ఈ రెండోదే. నీటిని ఆపడం అనే మాట వాడకండి, ఆలస్యం చేయడం అనండి. అప్పుడు సగం వాదన తగ్గుతుంది.

ఇంకోమాట. నియమగిరి మీద గనుల విషయం 2013లో సుప్రీంకోర్టు గ్రామసభలకే వదిలేసినప్పుడు, రాయగడ, కలహండి జిల్లాల్లోని 12 గ్రామసభలూ వద్దన్నాయి. అక్కడి గిరిజనులు డొంగరియా కోందులు అది దేవుడి కొండ అన్నారు. ఆ కొండ గెడ్డలు వంశధారలోకీ నాగావళిలోకీ దిగుతాయి. ఆ తీర్మానాల వల్ల లాభపడినవాళ్లలో మనమూ ఉన్నాం, మనల్ని ఎవరూ ఓటడగలేదు గానీ.

సుధ (గుణుపురం)
మాస్టారూ, గుణుపురం వాళ్లం 1980 సెప్టెంబరు గురించి వింటూ పెరిగాం. ఇప్పటికీ ఇల్లు కొనేటప్పుడు "ఎనభైలో ఇక్కడిదాకా వచ్చిందా" అని అడుగుతారు. అంతటి వరదకు కందకాలు ఏం చేస్తాయి? నిజంగానే అడుగుతున్నాను.

లెక్కలబావ (రాయగడ)
సుధగారి ప్రశ్న సరైనది. అంకెల్లో చూద్దాం.

100 చదరపు కిలోమీటర్ల మీద 100 మిల్లీమీటర్ల వాన పడితే కోటి ఘనపు మీటర్ల నీరు. లక్ష క్యూసెక్కులు గంటసేపు పారితే పోయే నీరు ఇంచుమించు అంతే. పది మీటర్లు పొడవు, పది వెడల్పు, మూడు లోతు ఉన్న సేద్యపు కుంటలో పట్టేది 300 ఘనపు మీటర్లు. ఆ కోటి ఘనపు మీటర్లను పట్టడానికి 33 వేలకు పైగా కుంటలు కావాలి. ఎవరు తవ్వుతారు?

దీనికి ఇంకో వైపు ఉంది. అదే 100 చదరపు కిలోమీటర్ల నేల ఇప్పుడు ఇంకించుకుంటున్న దానికంటే ఒక్క సెంటీమీటరు ఎక్కువ ఇంకించుకుంటే పది లక్షల ఘనపు మీటర్లు. అంటే 3,333 కుంటలు. వంశధార పరీవాహకం మొత్తం మీద ఒక సెంటీమీటరు అంటే 3.8 టీఎంసీలు. దిగువన ఆంధ్రలో వంశధార మీది హిరమండలం రిజర్వాయరు మొత్తం 19 టీఎంసీలు. దానిలో ఐదో వంతు.

కాబట్టి కుంటల సంఖ్య చెప్పి మురిసిపోయేవాళ్లను నమ్మను. నేల ఎంత పీలుస్తోందన్నదే అడుగుతాను. కానీ తుపాను వాన రెండో రోజుకి వచ్చేసరికి నేల నిండిపోయి ఉంటుంది. తడిసిన గోనె ఇంకేం పీలుస్తుంది? 1980లాంటి దానికి కట్ట ఎత్తూ చాలదు, కొండమీద పనీ చాలదు. మనుషుల్ని ముందే ఖాళీ చేయించడం ఒక్కటే దారి.

హిరమండలం బుజ్జి
ఒడిశా సోదరులకు ఒక విన్నపం. మీరు పైన ఆపండి, మేం వద్దనం. కానీ ఎండాకాలం కూడా ఆపేస్తే ఎలా? వంశధార నీళ్ల పంపకం మీద ట్రిబ్యునల్ తీర్పు వచ్చింది 2017లో. నేరడి బ్యారేజీ

నిర్వాహకుడు
బుజ్జిగారూ, మీ పోస్టులో మిగతా భాగం తీసేశాను. నేరడి మీద వేరే చర్చ నడుస్తోంది, అక్కడ రాయండి. ఇక్కడ వరద గురించి మాత్రమే.

హిరమండలం బుజ్జి
సరే సార్. వరద గురించే అడుగుతాను. మాకు పైనుంచి వంశధార, పక్కనుంచి మహేంద్రతనయ రెండూ వస్తాయి. పైవాళ్లు ఏదో ఒకదాన్ని ఆలస్యం చేస్తే మాకు మంచిదేగా?

లెక్కలబావ (రాయగడ)
అలా అని చెప్పలేం బుజ్జీ. మహేంద్రతనయ చిన్నది, మహేంద్రగిరి వైపు కొండల నుంచి నేరుగా దిగుతుంది కాబట్టి పొంగితే త్వరగా పొంగి త్వరగా తీస్తుంది. వంశధార పొంగు చాలా దూరం నుంచి రావాలి. చిన్నదాని పొంగు ముందే వెళ్లిపోతే మీ అదృష్టం. దాన్ని పైన ఆపి, ఆలస్యం చేసి, సరిగ్గా పెద్దది వచ్చే వేళకు వదిలామనుకో, రెండూ ఒకేసారి మీ మీద పడతాయి. అందుకే ఏ గెడ్డను నెమ్మది చేయాలి, దేన్ని తొందరగా పోనివ్వాలి అన్నది నది మొత్తానికి చూసుకుని తేల్చాలి. రెండు రాష్ట్రాల అంకెలూ ఒక బల్ల మీదికి రావాలి. అదే కష్టం.

ఏటిగట్టు (కాశీనగర్)
బావగారూ, లెక్కలు అర్థమయ్యాయి గానీ నా ప్రశ్నకు జవాబు రాలేదు. ఎక్కడైనా పనిచేసిందా?

కొండదారి
పనిచేసింది. నేను కొంతకాలం వాటర్‌షెడ్ పనుల్లో (వాన నీటిని, మట్టిని పడ్డచోటే నిలిపే పనులు) ఉన్నాను, అందుకని దీని గురించి కాస్త చదివాను.

ఇంగ్లండ్‌లో యార్క్‌షైర్ వైపు పికరింగ్ అని చిన్న పట్టణం ఉంది. 1999, 2000, 2002, 2007 సంవత్సరాల్లో మునిగింది. పెద్ద గోడ కడదామంటే ఖర్చు ఎక్కువ, పైగా ఊరి మధ్యలో గోడ. 2009లో ఇంకో దారి పట్టారు. పైన వాగుల్లో దుంగలను అడ్డంగా పడేసి, మామూలు నీళ్లు కిందినుంచి పోయేలా, పొంగు మాత్రం ఆగి పక్కకు పరుచుకునేలా వందకు పైగా కట్టలు వేశారు. చెట్లు నాటారు. ఊరికి ఎగువన 1,20,000 ఘనపు మీటర్లు పట్టే మట్టికట్ట ఒకటి కట్టారు. 2015 డిసెంబరు 26న చుట్టుపక్కల ఊళ్లు మునిగినప్పుడు పికరింగ్ మునగలేదు. పొంగు 15 నుంచి 20 శాతం తగ్గిందని లెక్క తేల్చారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ వాగు పరీవాహకం 70 చదరపు కిలోమీటర్ల లోపే. ఆ రోజు పడిన వాన 36 గంటల్లో 50 మిల్లీమీటర్లు. మన దగ్గర ఆషాఢంలో ఒక మధ్యాహ్నం పడే వాన అది. అక్కడి శాతాలు తెచ్చి వంశధారకు అతికిస్తే తప్పు. అక్కడి పద్ధతి తెచ్చి మన చిన్న గెడ్డలకు వాడితే తప్పు కాదు.

కాశీనగర్ తమ్ముడూ, ఒకటి చెప్పు. మీ పొలంలోకి నీళ్లు వచ్చేది ఏటి నుంచా, గెడ్డ నుంచా?

ఏటిగట్టు (కాశీనగర్)
అన్నా, కట్ట దాటి ఏరు వచ్చింది నాకు తెలిసి అరుదు. 2018లో తిత్లీ తుపాను అప్పుడు ఏరు భయపెట్టింది. మామూలుగా జరిగేది వేరు. కొండల నుంచి ఒక గెడ్డ మా పొలాల మధ్యగా వచ్చి, కట్ట కింద తూము గుండా ఏట్లో కలుస్తుంది. ఏరు నిండుగా ఉన్నప్పుడు తూము తలుపు వేసేస్తారు, లేకపోతే ఏటి నీళ్లే లోపలికి వస్తాయి. అప్పుడు గెడ్డ నీళ్లకు దారి లేక కట్టకు ఆనుకుని మా మడుల్లో నిలబడిపోతాయి. ఊడ్చిన పది రోజులకు ఇలా అయితే నారంతా కుళ్లిపోతుంది. తలుపు కూడా సరిగ్గా పడదు, తుప్పు పట్టింది.

కొండదారి
ఇదీ విషయం. కట్ట ఇంకో మీటరు లేపితే నీ పొలానికి ఒరిగేదేమీ లేదు. నీ ముంపు కట్ట లోపలిది.

ఆ గెడ్డ పరీవాహకం ఎంతో ఫోన్లో మ్యాపు తెరిచి కొండ అంచులు పట్టుకుని కొలిచి చూడు. సుమారుగా చాలు.

ఏటిగట్టు (కాశీనగర్)
కొలిచాను. 12 చదరపు కిలోమీటర్ల చిల్లర వచ్చింది.

లెక్కలబావ (రాయగడ)
12 చదరపు కిలోమీటర్ల మీద ఒక్క సెంటీమీటరు అదనంగా ఇంకితే 1,20,000 ఘనపు మీటర్లు. కొండదారి చెప్పిన పికరింగ్ మట్టికట్టంత! కాకతాళీయమే అయినా ఈ అంకెను మీ మీటింగులో చెప్పు. 10,800 చదరపు కిలోమీటర్లు మన చేతిలో లేవు. 12 ఉన్నాయి.

ఏరు ఎంతసేపు నిండుగా ఉంటే అంతసేపు తూము మూసి ఉంటుంది. ఆ కొన్ని గంటలూ గెడ్డ పొంగును పైన పట్టి ఉంచగలిగితే చాలు. కాశీనగర్‌లో కేంద్ర జలసంఘం కొలత కేంద్రం ఉంది, అక్కడ ప్రమాదస్థాయి 54.60 మీటర్లు. వరద రోజుల్లో అక్కడి నీటిమట్టం చూసి, నీ తూము మూసిన వేళ, తీసిన వేళ పక్కన రాసుకో. ఒక సీజను రాస్తే నీకు కావలసిన ఆలస్యం ఎన్ని గంటలో తెలిసిపోతుంది.

తూము తలుపు మాత్రం ముందు. ఏటి ఒత్తిడికి తానే మూసుకుని, లోపలి నీరు ఎక్కువైతే తానే తెరుచుకునే తలుపులు ఉంటాయి. కట్ట ఎత్తు పెంచే ఖర్చులో అదెంత?

సుధ (గుణుపురం)
ఇక్కడిదాకా బాగుంది. పైన ఏం చేయాలో కూడా ఎవరైనా చెప్పండి. మా వైపు ఎవరిని అడిగినా "పోడు మానేస్తే చాలు" అంటారు. పోడు ఒక్కటేనా కారణం?

కొండదారి
కొండను మూడుగా చూడాలి సుధగారూ. నిట్టనిలువు వాలు మీద ఏమీ తవ్వకూడదు. ఇక్కడ చాలామంది తప్పు చేసేది ఇదే. మన తూర్పు కనుమల్లో ఖోండలైట్ రాయి బాగా కుళ్లి, మెత్తటి ఎర్రమట్టి అయి ఉంటుంది. ఆ వాలులో కందకాలు తవ్వి నీళ్లు నిలబెడితే, పెద్ద వానకు మట్టి బరువెక్కి చరియగా దిగుతుంది. తిత్లీ వానలకు గజపతి జిల్లా బరఘరలో చరియ విరిగిపడి పదిమందికి పైగా చనిపోయారు. అక్కడ ఎవరో కందకాలు తవ్వారని అనడం లేదు. మన వాలులు ఎంత తేలిగ్గా జారతాయో చెప్పడానికి అన్నాను. అక్కడ అడవిని అడవిగా వదిలేయాలి, అంతే. పశువుల్ని, నిప్పును దూరంగా ఉంచితే కొన్నేళ్లలో అదే లేస్తుంది.

మధ్య వాలులో, గెడ్డ పిల్లకాలువలుగా ఉన్నచోట, రాళ్లు పేర్చి చిన్న అడ్డుకట్టలు వేయాలి. సిమెంటు వద్దు. రాళ్ల సందుల్లోంచి నీరు కారుతూ ఉండాలి. వరసగా పదో పదిహేనో ఉండాలి, ఒకటి పోయినా మిగతావి నిలబడాలి. అంచుల్లో వట్టివేరు, వెదురు.

కింద, కొండ పాదంలో చెరువులు. చాలా ఊళ్లలో పాత చెరువులు ఉన్నాయి, పూడిపోయాయి. పూడిక తీసి కలుజు (నిండిన నీరు పొర్లిపోయే దారి) బాగుచేస్తే కొత్తది తవ్వేదాని కంటే చవక.

జీడితోటల గురించి కూడా చెప్పాలి. పైనుంచి చూస్తే పచ్చగా అడవిలాగే ఉంటాయి. పిక్కలు ఏరుకోవడానికి చెట్టు కింద నేలంతా ఊడ్చి, ఆకులు తగలబెడతారు. ఆ నేల మీద వాన పడితే రోడ్డు మీద పడ్డట్టే. తోట తీసేయమని ఎవరూ అనరు, అది వాళ్ల బతుకు. ఆకును కాల్చకుండా వాలుకు అడ్డంగా వరసలు పేర్చి, మధ్యలో గడ్డి కట్టు వదిలితే చాలా తేడా వస్తుంది.

గుమ్మా కొండ
ఇంతసేపూ చదువుతున్నాను. నేను సవర కుర్రాణ్ని. పర్లాకిమిడిలో చదువుకున్నాను, అందుకే తెలుగు వచ్చు. రాత కాస్త తప్పులుంటే సర్దుకోండి.

మీరందరూ గెడ్డలు దిగే మా కొండ మీద ఏం చేయాలో తేలుస్తున్నారు. మంచిదే. పుట్టాసింగి, సెరంగో వైపు ఎప్పుడైనా వచ్చారా? మా పెద్దలు రాళ్లు పేర్చి కొండవాలును మెట్లు మెట్లుగా మడులు చేశారు. మట్టి లేదు, సున్నం లేదు, ఉత్త రాయి మీద రాయి. పైమడి నీరు కిందిమడికి, అక్కడినుంచి ఇంకో మడికి దిగుతుంది. వరి పండుతుంది, నీరూ నెమ్మదిస్తుంది. ఈ చర్చలో ఆలస్యం అని మీరు అంటున్నది మాకు రోజూ చేసే వ్యవసాయం. గోడలో ఒక రాయి కదిలితే అదే రోజు పెట్టాలి, లేకపోతే మూడు మడులు పోతాయి. ఇప్పుడు కుర్రాళ్లు పనికి చెన్నై, కేరళ వెళ్లిపోతున్నారు. గోడలు ఎవరు పెడతారు?

పోడు గురించి. ఇదివరకు ఒక చోట కొట్టుకుంటే మళ్లీ అక్కడికి చాలా ఏళ్లకు వచ్చేవాళ్లం. ఈలోపు అడవి లేచేది. కొంత భూమి తోటలకు పోయింది, కొంత అటవీశాఖ తీసుకుంది. మిగిలిన చిన్న ముక్క మీదే రెండు మూడేళ్లకు మళ్లీ పడుతున్నాం. నేల పాడైంది, ఒప్పుకుంటాను. దాన్ని పోడు అనే ఒక్క మాటలో మా మీద వేసేస్తే ఒప్పుకోను.

అసలు ప్రశ్న ఇది. నీరు ఆగితే లాభం ఎవరికి? కాశీనగర్ మళ్లకు. పని, నేల, కాపలా ఎవరివి? మావి. అందులో మాకేంటి?

పర్లాకిమిడి మాస్టారు
ఈ చర్చలో ఇప్పటిదాకా వచ్చిన ప్రశ్నల్లో ఇదే గట్టిది. నువ్వేం తప్పులు రాయలేదు నాయనా.

2004 నుంచి మన జిల్లాల్లో గిరిజన సాధికారత పథకం కింద వాటర్‌షెడ్ పనులు జరిగాయి, ఓటెల్ప్ అనేవారు. నేను చూసిన ఊళ్లలో కూలి వచ్చినన్నాళ్లూ కట్టలు బాగున్నాయి. ఏ కట్ట వల్ల కట్టినవాళ్ల సొంత మడికి నీరందిందో అది మాత్రమే ఆ తర్వాత కూడా నిలిచింది. కాబట్టి పైవాళ్లకు లాభం లేని కట్టను పైన కట్టకండి. వాళ్ల మడికి రబీ తడి ఇచ్చే కట్టే మీ నారును కూడా కాపాడుతుంది. ఆ చోట్లు వాళ్లే చూపించాలి.

లెక్కలబావ (రాయగడ)
నీటికి డబ్బు కట్టడం అనే మాట కూడా ఆలోచించవచ్చు. కింద ఊరి రైతులు ఎకరానికి కొంత వేసుకుని, పైఊరి మెట్లమడుల గోడల మరమ్మతుకు ఏటా కూలి ఇవ్వడం. గవర్నమెంటు వచ్చేదాకా ఆగక్కర్లేదు. పన్నెండు చదరపు కిలోమీటర్ల వ్యవహారం ఇది.

హిరమండలం బుజ్జి
ఎకరానికి ఎంత? మా వైపు నీటి తీరువా కట్టడానికే మనుషులు ఏడుస్తారు.

ఏటిగట్టు (కాశీనగర్)
ఒక్కసారి నారు కుళ్లితే మళ్లీ విత్తనం, మళ్లీ దుక్కి, మళ్లీ ఊడ్పు కూలీలు. దాంతో పోలిస్తే చిన్నదే బుజ్జన్నా. ఒప్పించడం మాత్రం తేలిక కాదు. తూముకు దగ్గరగా ఉన్న రైతులు సరే అంటారు, మెరకన ఉన్నవాళ్లు మాకేం సంబంధం అంటారు.

గుమ్మా అన్నా, మీ ఊరివాళ్లు ఏమడుగుతారో చెప్పగలవా? నేను మా వాళ్లతో మాట్లాడతాను.

గుమ్మా కొండ
నేనొక్కణ్ని చెప్పలేను, పల్లీసభ (మా ఊరి జనమంతా కూర్చునే సభ) చెప్పాలి. నా అంచనా రాస్తాను. మడి గోడలకు ఏటా కూలి కావాలి, అది వానలకు ముందే, వైశాఖంలో. మా దారిలో గెడ్డ మీద చప్టా కొట్టుకుపోయింది, జీడిపిక్కలు మోసుకుని దిగాల్సి వస్తోంది. అర్జీ పెట్టేటప్పుడు మీ కట్ట పక్కన మా చప్టా కూడా రాయండి, రెండు ఊళ్ల సంతకాలతో. ఇంకోటి, అటవీ హక్కుల చట్టం కింద మా సామూహిక హక్కు దరఖాస్తు పెండింగులో ఉంది. హక్కు లేని అడవికి కాపలా కాయమంటే ఎవరు కాస్తారు?

మేం చేయగలిగింది, ఖర్చు లేనిది కూడా ఉంది. పైన వాన దంచితే మేం ఫోన్ చేస్తాం. సిగ్నల్ ఒక బండ మీదే వస్తుంది, అక్కడికి ఎవరో ఒకరు ఎక్కుతారు. మీ గెడ్డకు పొంగు రావడానికి మధ్యలో కొంత వ్యవధి ఉంటుంది కదా.

సుధ (గుణుపురం)
ఆ ఫోన్ కాల్ ఒక్కటీ ముందు మొదలుపెట్టండి బాబూ. 2017 జులైలో నాగావళి పొంగి తెరువలి దగ్గర రైలు వంతెన కొట్టుకుపోయింది. పైన ఎంత వాన పడుతోందో కింద తెలియక మా చుట్టాలు ఆ రోజు ఎంత టెన్షన్ పడ్డారో నాకు తెలుసు.

లెక్కలబావ (రాయగడ)
ఫోన్‌తోపాటు ఒక వానమాపకం కూడా. అంచులు నిటారుగా ఉన్న డబ్బా, ఒక స్కేలు చాలు. చెట్టు కింద పెట్టకండి, రోజూ ఉదయం ఒకే వేళకు చూడండి. "బాగా పడింది" అన్న మాట కంటే "80 మిల్లీమీటర్లు" అన్న మాటకు కిందివాళ్లు త్వరగా కదులుతారు.

పర్లాకిమిడి మాస్టారు
అర్జీ రెండు ఊళ్లదీ ఒకటే కాగితం కావాలి. పల్లీసభ తీర్మానం జతచేయండి. మొదట తూము తలుపు, తర్వాత చప్టా, ఆ తర్వాత మడి గోడలు, రాతి అడ్డుకట్టలు ఉపాధి పనుల్లో పెట్టమని. కరకట్ట ఎత్తు గురించి ఇందులో రాయకండి. అది కలిపితే మొత్తం ఫైలు పెద్ద అంచనాలోకి వెళ్లి కూర్చుంటుంది.

ఏటిగట్టు (కాశీనగర్)
సరే మాస్టారూ. ఆదివారం మేం నలుగురం గుమ్మా అన్న ఊరికి వెళ్తున్నాం. ఒక చిన్న ఇబ్బంది. అర్జీ ఒడియాలో ఉండాలి. నేను మాట్లాడతాను గానీ ఆఫీసు ఒడియా రాయలేను.

సుధ (గుణుపురం)
నేను రాసిస్తాను. తూము వెడల్పు, తలుపు కొలత, గెడ్డ పేరు, రెండు ఊళ్ల పంచాయతీల పేర్లు మెసేజ్ పెట్టు. ఆదివారం అక్కడినుంచే ఫోటోలు కూడా పంపు.